సాయంత్రం బస్సు తీసేస్తే పొద్దుటి బస్సూ ఖాళీ అవుతుంది

ఒక ట్రిప్పును రద్దు చేసే ముందు ఆర్టీసీ అధికారులు ముఖ్యంగా రెండు లెక్కలు చూస్తారు. సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పేది ఓఆర్. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందో చెప్పేది ఈపీకే. డీజిలు, జీతాలు, టైర్ల ఖర్చుకు ఆ రాబడి చాలకపోతే ఆ ట్రిప్పు మీద నష్టాల ముద్ర పడుతుంది. లెక్క చూడటం తప్పు కాదు, ఆర్టీసీ సొమ్ము జనం సొమ్మే. ఒక్కో ట్రిప్పును విడిగా తూకం వేయడంలోనే తప్పుంది.

ఉదాహరణకు నంద్యాల జిల్లాలో ప్యాపిలి వైపు పల్లె ఒకటి అనుకుందాం. పొద్దున బస్సులో 40 మంది డోన్ వస్తారు. 28 మంది సాయంత్రం ఐదు గంటల బస్సుకు ఇల్లు చేరతారు. దుకాణాల్లో పనిచేసే 12 మంది ఎనిమిది గంటల బస్సు ఎక్కుతారు. 12 మందికి ఒక బస్సా అని దాన్ని ఆపేశారనుకోండి. తిరుగు బస్సు లేనివాళ్లు పొద్దున మాత్రం ఎందుకు ఎక్కుతారు? బైకో, షేర్ ఆటోనో చూసుకుంటారు. పొద్దుటి బస్సు 28కి పడిపోతుంది. మరుసటి ఏడాది అది కూడా నష్టాల జాబితాకు ఎక్కుతుంది. ఎనిమిది గంటల బస్సు తెచ్చే రాబడిలో సగం పొద్దుటి టికెట్లలో ఉందన్న సంగతి ఆ లెక్కలో కనిపించదు.

మన ప్రాంతంలో ఇది మరీ బరువైన విషయం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక డోన్ వాళ్లకు కలెక్టరేటు కర్నూలు నుంచి నంద్యాలకు మారింది. డోన్ రైల్వే జంక్షనే, కానీ రైలు పల్లె గడప దాకా రాదు. ఆళ్లగడ్డకైతే రైలే లేదు, కాలేజీకైనా ఆసుపత్రికైనా బస్సే దిక్కు. బేతంచెర్ల నాపరాయి పనులకు పోయే కూలీకి బస్సు తప్పిపోతే ఆ రోజు కూలీ పోయినట్టే.

ఒకసారి తగ్గించిన సర్వీసును తిరిగి పెంచడం ఎంత కష్టమో హైదరాబాద్ చూసింది. 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. అది ముగిశాక నష్టాల పేరుతో నగరంలో వందల బస్సులను తగ్గించారు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు జనం పోటెత్తారు, బస్సులు చాలలేదు. కొత్త బస్సు కొనాలన్నా, సిబ్బందిని తీసుకోవాలన్నా నెలలూ ఏళ్లూ పడతాయి. తీసేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లోనూ మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం ఉంది. అందులో మహిళలకు ఇచ్చే జీరో టికెట్ ఉత్త కాగితం కాదు. దాన్ని బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి, బస్సులో ఎంతమంది ఉన్నారో తేలేదీ దానితోనే. అక్కలూ చెల్లెళ్లూ, ఆ టికెట్ అడిగి తీసుకోండి. అది మీ ఊరి బస్సుకు సాక్ష్యం.

ట్రిప్పు తీసేస్తారన్న మాట వినగానే ధర్నాకు ముందే కొన్ని పనులు చేయవచ్చు. ఆ రూటులో రానుపోను అన్ని ట్రిప్పుల లెక్క కలిపి ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామసభలో తీర్మానం చేయండి. ఎంతమంది పిల్లలకు బస్ పాస్ ఉందో, క్లాసులు ఎన్నింటికి వదులుతారో కాలేజీ నుంచి రాయించండి. వాటిని డిపో మేనేజరుకు, జిల్లా ప్రజా రవాణా అధికారికి ఇవ్వండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి.

ప్రతి ట్రిప్పూ ఉన్నది ఉన్నట్టు నడవాలని పట్టుబట్టనక్కర లేదు. వేళ మార్చవచ్చు, రెండు ఊళ్లను ఒకే రూటులో కలపవచ్చు, చిన్న బస్సు వేయవచ్చు. ఇవన్నీ చేసి చూశాకే రద్దు మాట ఎత్తాలి. అధికారులను మనం గట్టిగా అడగాల్సింది ఇదే.