పడవ పేరు మారిస్తే కీడు జరుగుతుందా?

సముద్రతీర గ్రామాల్లో పాత పడవ చేతులు మారడం మామూలే. అప్పు తీర్చలేక ఒకరు అమ్ముకుంటారు. నాలుగు రూపాయలు కూడబెట్టుకున్నవారు కొనుక్కుంటారు. పడవతో పాటు దాని పేరు కూడా వస్తుంది. అది పాత యజమాని తల్లి పేరు కావచ్చు, ఆయన ఇలవేల్పు పేరు కావచ్చు. కొన్నవారికి రంగు వేయించి, “ప్రభు కృప” అనో “బేతేలు” అనో తమకు నచ్చిన పేరు వ్రాయించుకోవాలని ఉంటుంది. అలా మార్చవచ్చునా? పడమటి దేశాల నావికులు ఈ ప్రశ్నకు చాలాకాలంగా చెబుతూ వచ్చిన జవాబు ఒకటే: మార్చకూడదు, మారిస్తే ఓడకు కీడు.

ఎందుకని అడిగితే ఒక కథ చెబుతారు. గ్రీకులు పొసైడన్ అనీ, రోమీయులు నెప్ట్యూన్ అనీ పిలిచిన సముద్ర దేవుని దగ్గర ఒక పెద్ద పుస్తకం ఉందట. నీటి మీదికి దిగిన ప్రతి ఓడ పేరూ అందులో ఎక్కుతుందట. మన పల్లెల్లో కరణం గారి దస్త్రం ఉండేదే, అలాంటిదన్నమాట! దస్త్రంలో లేని పేరుతో ఓడ తిరిగితే ఆ దేవుడు తనను మోసగించారని కోపగించుకుంటాడని వారి భయం. 1883లో పుస్తకంగా వచ్చిన “ట్రెజర్ ఐలండ్” నవలలో ఓడదొంగ లాంగ్ జాన్ సిల్వర్ చేత కూడా రచయిత స్టీవెన్సన్ ఈ అభిప్రాయమే చెప్పించాడు.

మార్చక తప్పనివారికి ఒక తతంగం ఉంది. ఈ రోజుల్లో సరదా పడవలు నడిపేవారు ఎక్కువగా పాటించేది జాన్ విగర్ అనే పడవల రచయిత కూర్చిన క్రమం. మొదట పాత పేరు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా చెరిపివేయాలి. ముందు భాగాన, వెనుక భాగాన ఉన్న పేరు సరే, ప్రాణరక్షణ చక్రాల మీద, తెడ్ల మీద, తాళంచెవుల గుత్తి మీద ఉన్నది కూడా పోవాలి. ఆ పని పూర్తయ్యేవరకు కొత్త పేరు వ్రాసిన వస్తువు ఒక్కటి కూడా పడవ ఎక్కకూడదు. కొందరు పాత పేరును చిన్న లోహపు బిళ్ళ మీద నీటికి కరిగే సిరాతో వ్రాసి సముద్రంలో వదులుతారు. సిరా కరిగితే దస్త్రంలోని పేరు కూడా కరిగిపోతుందని! తరువాత సముద్ర దేవునికి ఒక విన్నపం చదివి ఖరీదైన ద్రాక్షారసం నీటిలో పోస్తారు. నాలుగు దిక్కుల గాలులకు కూడా వంతులు వేస్తారు. చౌక సారా పోస్తే దేవుడు చిన్నబుచ్చుకుంటాడని ఒక హెచ్చరిక కూడా ఉంది. దీన్ని చేసేవారిలో చాలామంది నవ్వుకుంటూనే చేస్తారు, అయినా మానరు.

ఫ్రాన్సు దేశపు నావికుల కథ వేరు. కదిలే ఓడ వెనుక నీటిలో పడే నురుగుచార వారికి ఓడను వెంటాడే పాము. పేరు మార్చదలచినవారు ఓడను వంకరటింకరగా నడిపి, తమ చారను తామే అడ్డంగా దాటి ఆ పామును కోయాలి. ద్రాక్షారసం ఖర్చు లేదు గనుక ఇదే కాస్త నయమనిపిస్తుంది.

ఇంతకూ ఓడకు శకునం కట్టడం చాలా పాత అలవాటు. లండన్‌లో థేమ్స్ నది బురదలో 1962లో రోమీయుల కాలపు పడవ ఒకటి బయటపడింది. దాని తెరచాప కొయ్య నిలిపే గుంటలో ఒక నాణెం దొరికింది. నాణెం మీద అదృష్ట దేవత ఫార్చూనా బొమ్మ. కట్టినవారు ఆ బొమ్మ పైకి కనబడేటట్లు ఉంచి, దాని మీద కొయ్య నిలిపారు. ఆ పడవ రాళ్ళ బరువుతో నదిలో మునిగింది.

క్రైస్తవ దేశాల్లో ఈ అలవాటు మరొక వేషం వేసుకున్నది. ఇంగ్లీషులో ఓడకు పేరు పెట్టడాన్ని బాప్తిస్మమిచ్చే మాటతోనే చెబుతారు. ఇంగ్లండులో పూర్వం విలువైన లోహపు గిన్నెలో ద్రాక్షారసం పోసి, కొంచెం త్రాగి, మిగిలింది ఓడ మీద చల్లి, గిన్నెను నీటిలోకి విసిరేవారు. పదిహేడవ శతాబ్దం చివరికి ఆ ఖర్చు భరించలేక గిన్నెకు బదులు సీసా పగలగొట్టడం మొదలైంది. ద్రాక్షారసమే కావాలన్న పట్టింపు అందరికీ లేదు. 1858లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే యుద్ధనౌకను నీటిలోకి దింపినప్పుడు మూడు సీసాలు పగలగొట్టారు. ఒకదానిలో నది నీళ్ళు, ఒకదానిలో ఊట నీళ్ళు, ఒకదానిలో సముద్రపు నీళ్ళు. బ్రిటిషు యుద్ధనౌకల జలప్రవేశంలో ఆరాధన క్రమాన్ని తిరిగి చేర్చినది యువరాణి అలెగ్జాండ్రా, 1875లో. ఓడలెక్కి సముద్రప్రయాణము చేయువారిని గూర్చిన 107వ కీర్తన ఆ క్రమంలో చేరింది. సీసా మాత్రం పోలేదు, ప్రార్థన ప్రక్కనే అదీ నిలిచింది.

పేరు మార్చడం పట్ల జనానికి అనుమానం కలగడానికి దేవతలతో సంబంధం లేని కారణం ఒకటి ఉంది. నా దృష్టిలో ఈ సంగతిలో గట్టిగా ఆలోచించవలసినది అదే. ఓడకు పేరే దాని చరిత్ర. దాని మీద ఎంత అప్పు ఉంది, ఎన్నిసార్లు ఒడ్డుకు తగిలింది, అడుగు ఎన్ని చోట్ల కుళ్ళింది అన్నది ఆ పేరు మీదనే రేవులో తెలుస్తుంది. పేరు మార్చి రంగు వేస్తే పాత ఓడ కొత్త ఓడలాగా కనబడుతుంది. పనికి కుదిరే కళాసీకి అది ఏ ఓడో తెలియదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో కొందరు ఓడల యజమానులు కుళ్ళిన ఓడలకు విలువను మించిన భీమా చేయించి, మోయలేని సరుకు ఎక్కించి పంపేవారు. ఓడ చేరితే సరుకు లాభం, మునిగితే భీమా లాభం. మునిగేది కళాసీలు. వాటిని జనం “శవపేటిక ఓడలు” అన్నారు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు 1873లో వీటి మీద పుస్తకం వ్రాశాడు. 1875లో చట్టాన్ని వాయిదా వేస్తున్నారని తెలిసి నిండు సభలో పిడికిలి బిగించి కేకలు వేశాడు. ఆ మరుసటి సంవత్సరమే చట్టం వచ్చింది. సరుకు ఓడ ప్రక్కన గుండ్రని గుర్తు, దాని మధ్యగా ఒక అడ్డగీత ఉంటుంది. ఆ గీతను మించి ఓడ మునగకూడదని అర్థం. ఇప్పటికీ దానిని ప్లిమ్‌సాల్ గీత అనే పిలుస్తారు. విశాఖపట్నం రేవుకు వెళ్ళినవారు దానిని చూడవచ్చు.

1894 నాటి బ్రిటిషు నౌకల చట్టంలో, ప్రభుత్వం వ్రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఓడ పేరు మార్చరాదని నిబంధన ఉంది. నెప్ట్యూన్ పుస్తకం కట్టుకథ గాని, రిజిస్ట్రారు పుస్తకం నిజమే!

పేరు మారిన ఓడలు నిజంగా ఏమయ్యాయి? 1578లో ఫ్రాన్సిస్ డ్రేక్ నడిసముద్రయాత్రలోనే “పెలికన్” అనే తన ఓడను “గోల్డెన్ హైండ్”గా మార్చాడు. అయిదు ఓడలతో బయలుదేరితే భూగోళం చుట్టి 1580లో ఇల్లు చేరినది అదొక్కటే. (డ్రేక్ చేసినది చాలామట్టుకు దోపిడీయే, అది వేరే సంగతి.) బొగ్గు మోసే “ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్” అనే ఓడను 1768లో కొని “ఎండెవర్” అని పేరు పెట్టి కెప్టెన్ కుక్‌కు అప్పగించారు. 1770లో అది ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బకు కొట్టుకుని అడుగు చిల్లిపడింది. నావికులు ఫిరంగులను సముద్రంలో పడవేసి బరువు తగ్గించారు. నారా ఉన్నీ దట్టించిన తెరచాపను ఓడ అడుగుకు లాగి చిల్లిని మూశారు. అలా ఒడ్డుకు చేర్చి బాగుచేసుకుని, 1771లో స్వదేశం చేరారు.

కీడు కథలో అందరూ చెప్పేది “మేరీ సెలెస్ట్” పేరు. 1872 డిసెంబరులో అట్లాంటిక్ మీద ఆ ఓడ మనుషులు లేకుండా తేలుతూ కనబడింది. కెప్టెన్ బ్రిగ్స్, ఆయన భార్య, రెండేళ్ళ బిడ్డ, ఏడుగురు నావికులు ఏమయ్యారో నేటికీ తెలియదు. దాని పాత పేరు “అమెజాన్”. పేరు మార్చినందుకే ఇలా అయిందంటారు. కాని పాత పేరుతో ఉన్నప్పుడే మొదటి ప్రయాణంలో దాని కెప్టెన్ మరణించాడు, 1867లో అది ఒడ్డుకు కొట్టుకుపోయింది. చివరికి 1885లో ఒక కెప్టెన్ భీమా డబ్బు కోసం హైతీ దగ్గర కావాలని దానిని దిబ్బకెక్కించాడు. శకునం పేరు చెప్పి మనుషుల పాపాన్ని మరచిపోకూడదు.

షాకిల్టన్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి తీసుకువెళ్ళిన “ఎండ్యూరెన్స్” అసలు పేరు “పొలారిస్”, అంటే ధ్రువనక్షత్రం. 1915లో మంచుగడ్డలు దానిని నలిపివేశాయి. ఓడ పోయింది గాని అందులోని 28 మందీ బ్రతికి వచ్చారు. 2022లో సముద్రపు అడుగున మూడు కిలోమీటర్ల లోతున దానిని కనుగొన్నారు. వెనుక భాగాన కొత్త పేరు చెక్కుచెదరలేదు. దాని క్రింద పాత పేరుకు గుర్తుగా నక్షత్రం అలాగే ఉంది. పాత గుర్తు చెరపకపోవడం వల్లనే మునిగిందని నమ్మేవారు దానినీ సాక్ష్యంగా చూపుతారు. మరి 28 మంది ఎలా బ్రతికారని అడిగితే జవాబు లేదు.

మన తీరంలోనే ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఉంది. 1971 డిసెంబరు 3 రాత్రి, తెల్లవారితే 4, విశాఖపట్నం రేవు బయట పాకిస్తాను జలాంతర్గామి “ఘాజీ” 90 మందికి పైగా నావికులతో మునిగిపోయింది. అది పూర్వం అమెరికా వారి “డయాబ్లో”. స్పానిష్ భాషలో ఆ మాటకు దయ్యం అని అర్థం. అది వేటాడ వచ్చినది మన “విక్రాంత్”ను. విక్రాంత్ కూడా పేరు మారిన ఓడే. బ్రిటన్‌లో “హెర్క్యులిస్” అనే పేరుతో కట్టడం మొదలుపెట్టి సగంలో ఆపివేస్తే, 1957లో మనదేశం కొని పూర్తిచేయించి 1961లో విక్రాంత్‌గా దళంలో చేర్చుకున్నది. ఆ రాత్రి ఘాజీ మీదికి నీటి బాంబులు విడిచిన “రాజ్‌పుత్” సైతం ఒకప్పటి బ్రిటిషు “రాథర్‌హామ్”. బాంబుల వల్ల మునిగిందని మనవారు, లోపలి ప్రేలుడు వల్లనని పాకిస్తానువారు అంటారు. మూడు ఓడలకూ పేర్లు మారాయి. ఒకటి మునిగింది. ఒకటి వేటాడింది. మూడవది ఆ సమయానికి దూరంగా అండమాను వైపు సురక్షితంగా ఉండి, 1997 వరకు దేశానికి సేవచేసింది.

అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు ఈ కోణంలో మరొకసారి చదవండి. పౌలు ఎక్కిన మొదటి పెద్ద ఓడ మెలితే ద్వీపం దగ్గర బద్దలైంది, 276 మందీ ఒడ్డు చేరారు. మూడు నెలల తరువాత వారు ఎక్కిన ఓడకు కవల దేవతల చిహ్నం ఉందని లూకా ప్రత్యేకంగా వ్రాశాడు. ఆ కవలలే నావికులను కాపాడతారని ఆనాటి నమ్మకం. పౌలు ఆ బొమ్మ చెరపమనలేదు, వేరే ఓడ కోసం ఎదురుచూడలేదు. ఎక్కి రోమాకు వెళ్ళాడు.

మరి పాత పడవ కొన్నవారు ఏమి చూసుకోవాలి? కొయ్య పడవయితే పలకల సందులు, మేకులు, ఇంజను బిగించిన చోటు. ఫైబరు పడవయితే అడుగున పగుళ్ళు, అతుకులు. ప్రాణరక్షణ చొక్కాలు మనిషికొకటి చొప్పున ఉన్నాయా? పాత అప్పు ఏదైనా పడవ మీద మిగిలి ఉందా? కొందరు పేరు పెట్టే రోజున విందుకు పెట్టే ఖర్చులో సగంతో ఆ చొక్కాలన్నీ వస్తాయి.

పేరు మార్చదలచుకుంటే రంగు డబ్బా తెరవకముందు మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళాలి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య చట్టం వచ్చిన నాటినుండి పడవలకు నమోదు ఉంది. 2008లో ముంబయి మీద దాడి చేసినవారు “కుబేర్” అనే చేపల పడవను పట్టుకుని అందులోనే వచ్చారు. అప్పటినుండి పేరు, నంబరు విషయంలో గట్టి తనిఖీ మొదలైంది. తుపానులో పడవ తప్పిపోతే వెదకేవారి చేతిలో ఉండేది నమోదు పుస్తకంలోని పేరే. ప్రక్కన ఒక పేరు, కాగితంలో ఒక పేరు ఉంటే ఆ పడవ ఎవరిదో తేల్చుకునేలోగా పొద్దు క్రుంకుతుంది.