మానవీయ విద్యలూ బక్కిరెడ్డి పొలమూ

పోయిన జూన్‌లో మా బడిలో పదో తరగతి ప్యాసైన ఒక కుర్రవాడి తండ్రి వచ్చి, "ఐవారూ, మావాడు చరిత్రా తెలుగూ సదవతానంటా ఉండాడు. దాంతో కూడొస్తాదా?" అని అడిగాడు. వానను నమ్ముకుని సెనిక్కాయ వేసే రైతు ఆయన. అడగడంలో తప్పులేదు. తెలుగు ఎం.ఏ. చదివి జీతం తీసుకుంటున్న నాకే నోరు పెగల్లేదు.

సాహిత్యం, చరిత్ర మనిషిని సంస్కరిస్తాయని మనం మామూలుగా చెప్పే జవాబు. అది నాకు చాలదు. కావ్యాలు కంఠస్థం చేసినవాళ్ళే అంటరానితనాన్ని సమర్థించారు గదా! కనుక ప్రశ్ననే మార్చి చూడాలి. ఈ చదువు తప్ప మరొకటి చెప్పలేని సత్యం ఏదైనా ఉందా?

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో 1946లో పుట్టిన కేశవరెడ్డి వృత్తిరీత్యా వైద్యుడు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు చికిత్స చేస్తూనే ఈ జిల్లా పల్లెల మీద నవలలు రాశాడు. 2015లో మరణించాడు. ఆయన "అతడు అడవిని జయించాడు" నవలను హెమింగ్వేతో పోల్చి అక్కడే ఆగిపోవడం మన విమర్శకులకు పరిపాటి. నాకు "మూగవాని పిల్లనగ్రోవి" ముఖ్యం. అందులో బక్కిరెడ్డి అనే రైతు భూమి పోగొట్టుకుంటాడు. రెవెన్యూ దస్తరంలో అది ఒక పేరు కొట్టివేసి మరొక పేరు రాయడం. అర్థశాస్త్రంలో అప్పు, వడ్డీ, కరువు, భూమి చేతులు మారడం. ఇవన్నీ నిజాలే. వీటిని తెలుసుకోకుండా నవల చదివితే కన్నీళ్ళే మిగులుతాయి. కానీ పొలంతోపాటు ఆ మనిషి లోపల ఏం కూలిపోయిందో దస్తరంలో రాయడానికి గడి లేదు. అది నవలలోనే ఉంది. రాసింది శాస్త్రం చదివినవాడే కావడం గమనించదగ్గది.

తిరుపతిలో 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. సంతోషమే. అయితే ఇంటర్మీడియట్‌లోనే మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం పుచ్చుకునే విద్యార్థి, రేపు ఇంజనీరై ఏ రైతు పొలంలోనో కాలువకు కొలత రాళ్ళు పాతేనాటికి బక్కిరెడ్డిని ఎక్కడ కలుసుకుంటాడు? నేరమంతా కార్పొరేట్ కళాశాలలదే అనడం సులభం. "జీవితం - రచనలు" అంటూ ఒకే మూసలో సిద్ధాంత గ్రంథాలు పోతపోసిన మనం ఈ విద్యలను ఎవరికోసం బతికించాం?

కూటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కుర్రవాడు చివరికి ఎం.పి.సి.లోనే చేరాడు. వెళ్ళేముందు నా దగ్గరి నవల వాడికిచ్చాను. నెల తర్వాత సంతలో ఎదురైన తండ్రి, కొడుకు చదువు సంగతి ఎత్తకుండా, "పుస్తకం వాడు చదవతా ఉంటే విన్యా. ఆ బక్కిరెడ్డిది ఏ ఊరు ఐవారూ?" అన్నాడు.