రెండున్నరేళ్ళ పాపను కొలంబస్ ఎక్కించొచ్చా?

మన కోట ఊరి నుంచి పిలకాయల్ని సరదాగా తిప్పుకు రావాలంటే మనకు రెండు దారులు. దగ్గర్లో తిరునాళ్ళకో, నెల్లూరులో వేసే ఎగ్జిబిషన్‌కో పోవడం ఒకటి. గూడూరులో రైలెక్కి చెన్నై పోయి అక్కడి పెద్ద పార్కుల్లో రోజంతా గడపడం రెండోది. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్లా పార్కు తెరవడంతో ఆ జాబితాలో ఇంకోటి చేరింది. ఏ దారిన పోయినా, ఇంట్లో రెండు మూడేళ్ళ బిడ్డ ఉంటే టికెట్ కౌంటర్ ముందు అదే మీమాంస: ఎక్కించొచ్చా, కూడదా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. మూడేళ్ళు నిండని బిడ్డకు మెల్లగా తిరిగే గుర్రాలు, నేల మీద నడిచే బుల్లి రైలు చాలు. ఎగరేసేవి, విసిరేవి, గిర్రున తిప్పేవి వద్దు. ఒళ్ళో పెట్టుకుని అసలే వద్దు.

గట్టిగా పట్టుకుంటాం కదా, ఒళ్ళో ఎందుకు వద్దు?

దీనికే ఎక్కువసేపు ఆగుతాను. మన తిరునాళ్ళలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొలంబస్ పడవ అటూ ఇటూ 60 డిగ్రీల దాకా ఊగుతోందనుకోండి. పై అంచున ఒక్క క్షణం ఆగినప్పుడు మనిషి బరువు సీటు మీద సగమే పడుతుంది. కిందికి జారి అడుగున దూసుకుపోయేటప్పుడు రెట్టింపు పడుతుంది. అంటే 12 కిలోల బిడ్డ పై అంచున 6 కిలోలు, సుమారు రెండు సెకన్లకే అడుగున 24 కిలోలు, మళ్ళీ 6. ఇంత తొందరగా మారే బరువుకు తగ్గట్టు తల్లి చేతులు పట్టు మార్చుకోలేవు. పైగా ఆ తల్లి కూడా అదే పడవలో తేలుతూ కుంగుతూ ఉంది. కడుపులో గుబేలుమనగానే ఎవరి చెయ్యి అయినా ముందు కడ్డీ కోసమే పోతుంది. అది ప్రేమ తక్కువై కాదు, ఒంటి స్వభావమే అంత.

ఆ కడ్డీ సంగతీ చూడండి. చాలా రైడ్లలో వరుసకంతా ఒకటే కడ్డీ. అది వరుసలో లావుగా ఉన్న మనిషి తొడల దగ్గర ఆగిపోతుంది. పక్కన కూర్చున్న బిడ్డకూ దానికీ మధ్య బిడ్డ జారిపోయేంత సందు మిగులుతుంది. పోనీ ఒళ్ళో కూర్చోబెడితే కడ్డీ బిడ్డ పొట్టకు ఆనుతుంది. కుదుపు వస్తే ముందు ఇనుము, వెనక తల్లి బరువు.

జెయింట్ వీల్ ఇంత విసురుగా ఉండదు. అక్కడి ముప్పు వేరే. పైకి పోగానే కింద దీపాలు చూద్దామని బిడ్డ లేచి నిలబడుతుంది. అడ్డంగా కట్టిన గొలుసు ఆ ఎత్తు మనిషి కోసం పెట్టింది కాదు.

వయసు రాయకుండా ఎత్తు ఎందుకు కొలుస్తారు?

కడ్డీకి పుట్టినరోజు తెలియదు కాబట్టి. వీపు సీటుకు ఆనినప్పుడు మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాలి, చెయ్యి పిడిని అందుకోవాలి, కడ్డీ తొడల మీద కూర్చోవాలి. ఇవన్నీ ఎముకల పొడవును బట్టి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం రెండేళ్ళ బిడ్డ సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్లు. మూడేళ్ళకు 95, 96. పెద్ద రైడ్లు చాలావాటికి 120, కొన్నింటికి 140 ఉండాలి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు వండర్లాలో టికెట్ ఉండదు. అది గేటు దగ్గరి లెక్క. రైడ్ దగ్గర బోర్డు వేరే ఉంటుంది, దాన్ని వేరే చదవాలి. తిరునాళ్ళలో చాలాచోట్ల ఆ బోర్డే కనిపించదు. అందుకని బయల్దేరే ముందే బిడ్డను గోడకు నిలబెట్టి కొలుచుకోండి.

ఎత్తు సరిపోతే చాలా?

చాలదు. పసివాళ్ళ తల ఒంటితో పోలిస్తే ఎక్కువ బరువు, మెడ కండరాలు ఇంకా లేత. మెడ ముందుకు వంగేటప్పుడు పెద్దవాళ్ళకు ఒత్తిడి మెడ కింది భాగంలో పడితే, పసివాళ్ళకు తలకు ఆనుకున్న పై ఎముకల దగ్గర పడుతుంది. ఒక్కసారిగా ఆగే రైడ్లు, పక్కకు విసిరేవి అందుకే చెడ్డవి.

ఇక మనసు. భయమేస్తే కదలకుండా కూర్చోవాలని మనకు తెలుసు. రెండేళ్ళ బిడ్డకు భయమేస్తే తెలిసిన దారి ఒక్కటే, అమ్మ వైపు పాకడం. చేతులూ కాళ్ళూ లోపలే పెట్టుకుని ఉండలేని బిడ్డను రైడ్ ఎక్కించవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా తల్లిదండ్రులకు చెప్తుంది.

ఆ నిలకడ వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇందుకు పార్కు దాకా పోనక్కర్లేదు. కోట నుంచి గూడూరు పోయే బస్సులో బిడ్డను కిటికీ వైపు విడిగా కూర్చోబెట్టి, మీరు పక్కనే కూర్చోండి. "కడ్డీ పట్టుకో నాయనా, నేను చెప్పేదాకా లేవకూడదు" అనండి. ఎంతసేపు వింటాడు? బ్రేకు పడితే కడ్డీ వదిలి మీ మీదికి వస్తాడా, ఇంకా గట్టిగా పట్టుకుంటాడా? ఊయల ఊపేటప్పుడు "ఆపనా?" అని అడగండి. ఆపమని నోటితో చెప్పగలిగే బిడ్డకు సగం సంసిద్ధత వచ్చినట్టే.

పార్కులో ఎక్కే ముందు ఆ రైడ్‌ను కింద నిలబడి ఒక రౌండు మొదటి నుంచి చివరి దాకా చూపించండి. ఆ సమయంలో రైడ్‌ను కాదు, బిడ్డ ముఖాన్ని చూడండి. ఏడుపు అందరికీ అర్థమవుతుంది. మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయి, మీ బట్టలు పిడికిట్లో పట్టుకుని ఉంటే దాన్ని ధైర్యం అనుకోవద్దు. అంత భయపడినా పిల్లలు ఒక్కోసారి ఏడవరు. వరుసలో గంట నిలబడి, చివరి మెట్టు మీద వద్దంటే వెనక్కి తీసుకురండి. టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు. "మీ అన్న ఎక్కాడు చూడు" అనే మాట దయచేసి అనకండి.

ఇంకోటి. యంత్రం మధ్యలో ఆగిపోవచ్చు. 2025 మేలో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని ఒక పార్కులో రైడ్ పైన నిలిచిపోయి, ముప్పై మందికి పైగా జనం గంటల తరబడి గాలిలో ఉండిపోయారు. అగ్నిమాపక సిబ్బంది దించారు. అంతసేపు మీ బిడ్డ అక్కడ కూర్చోగలదా అన్నది కూడా ఎక్కే ముందు వేసుకోవలసిన ప్రశ్నే.

ఏదైనా రైడ్ దిగాక బిడ్డ మెడ తిప్పడానికి ఏడ్చినా, వాంతులు ఆగకపోయినా, వేళ కాని వేళ మత్తుగా నిద్రలోకి జారుతున్నా అలసట అనుకుని పడుకోబెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఏ రైడ్ ఎక్కించారో, ఎంతసేపైందో డాక్టరుకు చెప్పండి.