వినే చెవి పక్కనే అరిచే నోరు

కొండ మీది రిపీటర్ పని చెప్పడానికి చిన్నదే. దూరాన వాకీటాకీలో ఎవరో మాట్లాడిన బలహీనమైన మాటను అందుకుని, అదే క్షణంలో పెద్ద గొంతుతో నాలుగు దిక్కులకూ వినిపించాలి. వినడం, పలకడం ఒకేసారి జరగాలి కాబట్టి రెండింటికీ వేరువేరు పౌనఃపున్యాలు కావాలి. అభిరుచితో రేడియో నడిపే మన హామ్‌లు వాడే 2 మీటర్ల బ్యాండులో రిపీటర్ 144.4 మెగాహెర్ట్జ్‌లో వింటే 145.0లో పలుకుతుంది. మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్. దీన్ని కాగితం మీది కేటాయింపుగానే చూస్తాం గానీ, ఎంత తక్కువ ఎడంతో సరిపెట్టుకోవచ్చో తేల్చేది డూప్లెక్సర్ అనే లోహపు డబ్బాల వరస.

ఆ డబ్బాలు మోసే భారం ఎంతో చూడండి. రిపీటర్ 50 వాట్లతో పలుకుతుంది. దాని రిసీవర్ పావు మైక్రోవోల్టు సంకేతాన్ని కూడా వినగలదు. ఈ రెండు శక్తుల నిష్పత్తి 4 పక్కన 16 సున్నాలు. పైగా రెండూ ఒకే యాంటెన్నాను పంచుకుంటాయి. రిసీవర్ ముందు ఓ ఫిల్టర్ పెట్టి 145.0ను అడ్డుకుంటే చాలు కదా అనిపిస్తుంది. అది సగం పనే. ఏ ట్రాన్స్‌మిటరూ తన పౌనఃపున్యం మీదే నిక్కచ్చిగా నిలబడదు. అటూ ఇటూ సన్నని రొద చిమ్ముతుంది. అందులో కొంత సరిగ్గా 144.4 మీదే పడుతుంది. రిసీవర్‌కు అది వినవలసిన పౌనఃపున్యమే కాబట్టి అక్కడ పెట్టిన ఏ ఫిల్టరూ ఆ రొదను మాట నుంచి వేరుచేయలేదు. దాన్ని పుట్టినచోటే తుంచాలి. అందుకే డూప్లెక్సర్‌కు రెండు చేతులు: రిసీవర్ వైపు చెయ్యి 145.0ను ఆపుతుంది, ట్రాన్స్‌మిటర్ వైపు చెయ్యి 144.4ను ఆపుతుంది. ఎవరి తప్పును వాళ్ల గుమ్మంలోనే ఆపే ఈ ఏర్పాటు నాకు ఎప్పటికీ పాతబడదు.

ఒక్కో డబ్బా, అంటే కేవిటీ, లోపల నిలువుగా ఓ లోహపు కడ్డీ ఉంటుంది. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు, ఇక్కడ అర మీటరు పైచిలుకు. కడ్డీ పొడవును వెంట్రుకవాసి మార్చినా డబ్బా స్పందించే పౌనఃపున్యం మారిపోతుంది. అదంతా రాగితోనే చేస్తే, జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ నడుమ 30 డిగ్రీల తేడాకే ఆ పౌనఃపున్యం 70 కిలోహెర్ట్జ్‌కు పైగా జారుతుంది. ఉన్న ఎడంలో అది ఎనిమిదో వంతు! అందుకే శ్రుతి చేసే కడ్డీకి ఇన్వార్ వాడతారు. ఎండకు దాదాపు సాగని ఈ ఇనుము-నికెల్ మిశ్రమాన్ని కనుగొన్న గియోమ్‌కు 1920లో నోబెల్ వచ్చింది. ఇక ఎడం విషయంలో డబ్బాకు లెక్క కిలోహెర్ట్జ్‌లలో కాదు, శాతంలో. 145 దగ్గర 600 కిలోహెర్ట్జ్ అంటే 0.4 శాతం, 435 దగ్గర అదే ఎడం 0.14 శాతానికి పడిపోతుంది. అమెరికా హామ్‌లు ఆ పై బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ ఎడం పాటించడంలో వింత లేదు.

అయితే 2 మీటర్లలోనూ ఎడం పెంచవచ్చు కదా? మన బ్యాండు వెడల్పే 2 మెగాహెర్ట్జ్. అందులో ఉపగ్రహాలకూ చోటు వదలాలి. పెంచినా తీరని చిక్కు ఇంకొకటుంది. ఒకే టవర్ మీద 145.0, 145.6లలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయనుకోండి. తుప్పు పట్టిన ఒక్క అతుకు దగ్గర ఆ రెండూ కలిస్తే, మొదటిదాని రెట్టింపులోంచి రెండోది పోగా 144.4 పుడుతుంది. అంటే మొదటి రిపీటర్ చెవిలోనే! ట్రాన్స్‌మిటర్ల పౌనఃపున్యాల మధ్య దూరం సరిగ్గా ఆ ఎడానికే సమానమైతే, ఎడం ఎంతైనా ఈ లెక్క తప్పదు. మరి వంతులవారీగా ఒకే పౌనఃపున్యం వాడితే? 5జీ 3.5 గిగాహెర్ట్జ్‌లో చేసేది అదే. కానీ అక్కడా వంతు మారేటప్పుడు కాసేపు మౌనం పాటించాలి, ఎందుకంటే 30 కిలోమీటర్లు దాటడానికి సంకేతానికి మిల్లీసెకనులో పదోవంతు పడుతుంది. ఎడం పోలేదు, కాలంలోకి మారింది. జీఎస్ఎమ్ 900 మాత్రం పాత దారే పట్టి 45 మెగాహెర్ట్జ్ ఎడం తీసుకుంది. కింది సగాన్ని ఫోనుకిచ్చింది. పౌనఃపున్యం తగ్గితే దారిలో నష్టమూ కాస్త తగ్గుతుంది, బ్యాటరీ మీద బతికేది ఫోనే మరి.