నిద్రకు మందు కల్లు సీసాలో లేదు

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలంటారు. పగలంతా పత్తి చేనులోనో వరి మడిలోనో వంగి పనిచేసిన దేహానికి ఒక చాప చాలు, కన్ను మూతపడాలి. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలోని మన కుటుంబములలో ఎందరికో అలా జరగడం లేదు. కొందరు తెల్లవార్లు దొర్లుతూ ఉంటారు. మరికొందరు ఎనిమిది గంటలు పడుకొని లేచినా బడలికతోనే ఉంటారు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరకు పోయే మనము నిద్ర విషయంలో మాత్రము మూడు దారులు పడుతున్నాము: కల్లు సీసా, మెడికల్ షాపు బిళ్ల, లేదంటే తాయెత్తు. నిద్ర చెడడం కూడా జబ్బేనని, దానికి పేరు, పరీక్ష, వైద్యము ఉన్నాయని చెప్పుటకే ఈ వ్యాసము.

సీసాలో ఉన్నదేమిటి?

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై ప్రభుత్వము గట్టి చర్య తీసుకున్నది. ఆ కల్లు ఒక్కసారిగా దొరకకపోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ వంటి జిల్లాలలో అలవాటు పడినవారు చేతులు వణుకుతూ, నిద్ర లేక, ఫిట్స్ వచ్చి, పొంతన లేని మాటలాడుతూ ఆసుపత్రులపాలైనారు. చాలామందిని హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకొని పోవలసి వచ్చింది. దోషము చెట్టుది కాదు. అందులో కలిపే అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లది. ఇవన్నీ మత్తును, నిద్రను తెచ్చే మందులే. కొన్నాళ్లు వాడితే ఆ మందు లేనిదే నిద్రపోలేని స్థితికి మెదడు వస్తుంది.

మెడికల్ షాపులో "నిద్ర బిళ్ల" అని అడిగి తెచ్చుకునేది కూడా తరచు ఈ అల్ప్రజోలమే. డాక్టరు చీటీ లేకుండా దానిని అమ్మకూడదు, మనము కొనకూడదు. ఇంట్లో ఎవరైనా దీనికి గాని, కల్తీ కల్లుకు గాని అలవాటు పడి ఉంటే ఒక్కరోజులో మాన్పించవద్దు. ప్రాణము మీదికి రావచ్చు. డాక్టరు చూపు కింద మెల్లమెల్లగా తగ్గించాలి.

గురక గాఢనిద్ర కాదు

"ఎంత హాయిగా గురక పెడుతున్నాడో" అంటాము. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంటే అది స్లీప్ అప్నియా అనే జబ్బు కావచ్చు. గొంతులోని కండరాలు వదులై గాలి దారి మూసుకొనిపోతుంది. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడాన్ని డాక్టర్లు లెక్కిస్తారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిసి గంటకు 5 సార్లు దాటితే జబ్బు ఉన్నట్లు, 30 దాటితే తీవ్రమైనట్లు. ఇలాంటివారికి పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు, మందులకు లొంగని బీపీ ఉంటాయి. ట్రాక్టరు, ఆటో నడిపేవారైతే ఆ కునుకే ప్రమాదము తెస్తుంది.

పడుకున్న మనిషికి ఇదేదీ తెలియదు. కనిపెట్టవలసినది పక్కన పడుకున్నవారే. అందుకే ఈ జబ్బుకు డాక్టరు దగ్గరకు భార్యాభర్తలు కలిసి వెళ్లాలి. ఒక రాత్రి తలకు, ఛాతీకి, వేలికి తీగలు అమర్చి నిద్ర పరీక్ష చేస్తారు. సూది పోటు ఉండదు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, తాగుడు మానడం మేలు చేస్తాయి. తీవ్రమైనవారికి ముక్కుకు తొడిగి గాలిని వత్తిడితో పంపే సీపాప్ యంత్రము ఉన్నది. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కొలిన్ సల్లివన్ దీనిని లోకానికి తెలిపారు. పిల్లలు రోజూ గురక పెడుతుంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించాలి.

కాళ్ల గుంజుడు, గుండెల మీద బరువు

పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్లు, గుంజినట్లు ఉండి, కదిలిస్తే గాని నెమ్మది కలగని జబ్బు ఒకటున్నది. పొలము పని వల్లనేనని ఊరుకుంటాము. చాలాసార్లు దీని వెనుక ఇనుము లోపము ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. రక్త పరీక్ష చేయించి డాక్టరు సలహాతో ఇనుము మందు వాడితే అనేకులకు తగ్గుతుంది. గర్భిణులలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో కూడా ఇది కనిపిస్తుంది.

మెలకువ వచ్చినా కాలు చెయ్యి కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు ఉండడాన్ని దయ్యము తొక్కిందంటారు. కలలు వచ్చే నిద్రలో దేహము కదలకుండా మెదడు కండరాలను బిగించదు, వదులు చేసి ఉంచుతుంది. మనము ముందుగా మేల్కొంటే ఆ స్థితి కొన్ని క్షణాలు నిలుస్తుంది. అంతే. నిద్ర చాలనివారికి ఇది ఎక్కువ. భయపడినవారి కొరకు ప్రార్థించుదము, అయితే దయ్యము పట్టిందని ముద్ర వేసి ఆ బిడ్డను బాధించవద్దు.

నిద్రే పట్టనివారికి

వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించాలి. వెళ్లేముందు రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ, తాగిన టీ ఒక నోటుబుక్కులో రాసి తీసుకొనిపోండి. ఎంత రాత్రి పడుకున్నా రోజూ ఒకే వేళకు లేవాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే పక్క మీద దొర్లక లేచి కూర్చోవాలి. సెల్‌ఫోను పక్కకు రానివ్వకూడదు. అప్పు బెంగ, పంట దిగులు మనసును తొలుస్తుంటే 14416 టెలిమానస్‌కు ఫోను చేయవచ్చు. పగలైనా రాత్రైనా ఉచితముగా మాట్లాడతారు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట మీ మండలములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో బీపీ, షుగరు, రక్తము చూపించుకోండి. తరువాత మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు, బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నాయి. గురక ఉన్నవారు ఊపిరితిత్తుల విభాగములో గాని, చెవి ముక్కు గొంతు విభాగములో గాని చూపించుకోవాలి. రాత్రి నిద్ర పరీక్ష ఎక్కడ చేస్తారో ముందుగానే అడిగి తెలుసుకుంటే బస్సు చార్జీలు, కూలి వృథా కావు.

ఈ రాత్రి మీ ఇంటివారు పడుకున్న తరువాత కొంచెము సేపు వారి ఊపిరిని గమనించండి. ఆగి ఆగి వస్తున్నదని తోస్తే రేపు వారిని తిట్టకండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి.