చెర్రీవుడ్‌లో కార్ గరాజ్: పునాది కంటే ముందు పర్మిషన్ కాగితం

ఎపిసోడ్‌లో గరాజ్ గురించి మాట్లాడినప్పుడు అంకెలు గబగబా దాటిపోయాయి. వాటిని ఇక్కడ తీరిగ్గా చూద్దాం.

ఐర్లండ్‌లో పెరట్లో గరాజ్ కట్టాలంటే ప్రతిసారీ ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. 2001 నాటి ప్లానింగ్ నిబంధనల్లో దీనికి మినహాయింపు ఉంది. షరతులు ఇవీ: పెరట్లో ఉన్న షెడ్లన్నీ కలిపి 25 చదరపు మీటర్లు దాటకూడదు. కట్టాక కూడా ఇంటివాళ్లకి 25 చదరపు మీటర్ల ఖాళీ స్థలం మిగలాలి. ఇంటి ముందు గోడ కంటే ముందుకి రాకూడదు. పెంకులు లేదా స్లేట్ వేసిన ఏటవాలు కప్పైతే ఎత్తు 4 మీటర్లు, మిగతా కప్పులకి 3 మీటర్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. కారు వెడల్పు 1.8 మీటర్లు, పొడవు 4.5 అనుకోండి. చుట్టూ మీటరు చొప్పున వదిలితే 3.8 బై 6.5, అంటే 24.7 చదరపు మీటర్లు. అంచు మీద సరిపోయింది కదా! కానీ 215 మిల్లీమీటర్ల గోడలు కలిపితే అది ఆక్రమించే నేల 29 దాకా వస్తుంది. దానికి పాతిక కలపండి: పెరడు కనీసం 54 చదరపు మీటర్లుండాలి. పైగా కారు వెనక్కి వెళ్లడానికి దారి కూడా ఉండాలి. వరుస ఇళ్ల మధ్య ఇల్లైతే అక్కడితోనే కథ ముగుస్తుంది.

చెర్రీవుడ్‌లో అసలు చిక్కు ఇంకొకటి. ఇది 2014లో ఆమోదం పొందిన ప్లానింగ్ స్కీమ్ కింద కడుతున్న కొత్త ఊరు. ఇలాంటి కొత్త ఎస్టేట్ల పర్మిషన్‌లో, ఆ ఇళ్లకి మినహాయింపులు వర్తించవనే షరతు ఉండొచ్చు. అది ఉంటే పైన చెప్పిన అంకెలేవీ మీకు పనికిరావు, పూర్తి పర్మిషన్ తీసుకోవాల్సిందే. అందుకే మేస్త్రీని పిలిచే ముందు మీ ఎస్టేట్ పర్మిషన్ చదవండి. ఇంటిని ఆనించి కడుతున్నా, ఇంకే అనుమానమున్నా, డన్ లీరీ రాత్‌డౌన్ కౌన్సిల్‌ని రాతపూర్వకంగా అడగొచ్చు. దీన్నే సెక్షన్ 5 డిక్లరేషన్ అంటారు. మేనేజ్‌మెంట్ కంపెనీ ఉంటే వాళ్ల నియమాలు వేరే.

కట్టడం మొదలుపెట్టాక గచ్చు మీద పిసినారితనం వద్దు. కింద వేసే కంకరకి ఎస్.ఆర్. 21 ప్రమాణం ఉందని కాగితం అడగండి. డబ్లిన్ చుట్టుపక్కల పైరైట్ ఉన్న కంకర ఉబ్బి, వేల ఇళ్ల గచ్చులు పగిలాయి. 2013లో దానికోసం చట్టమే తెచ్చారు. కంకర మీద చెమ్మ ఆపే షీట్, ఆపైన కాంక్రీటు. కాంక్రీటు ఆరకముందే ఎపాక్సీ పూస్తే పొరలుగా లేచిపోతుంది. ప్లాస్టిక్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. కింద నీటి చుక్కలు కనబడితే ఇంకా ఆగాలి.

గరాజ్ ఇంటికి ఆనుకుని ఉంటే, మధ్య గోడా తలుపూ 30 నిమిషాలు మంటని ఆపగలగాలి. తలుపు గడప గరాజ్ గచ్చు కంటే కనీసం 100 మిల్లీమీటర్లు ఎత్తుండాలి. ఎందుకంటే పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. నేల మీదే పాకుతుంది, మెట్టు ఉంటే ఇంట్లోకి అంత తేలిగ్గా రాదు.

ఇక్కడి చెమ్మకి ఉత్త రేకుల కప్పు లోపలివైపు చెమరుస్తుంది, పానాలు తుప్పు పడతాయి. కప్పుకి ఇన్సులేషన్, గోడలకి గాలి రంధ్రాలు పెట్టించండి. కరెంటు పని సేఫ్ ఎలక్ట్రిక్‌లో నమోదైనవాళ్లతోనే చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. రెండు స్తంభాల లిఫ్ట్‌కి దాదాపు మూడున్నర మీటర్ల లోపలి ఎత్తు కావాలి, 3 మీటర్ల చదును కప్పు కింద అది కుదరదు. జాకీ స్టాండ్లతో సర్దుకోవాలి.

చివరగా రెండు మాటలు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వాన నీటి కాలవలో పోయొద్దు, రీసైక్లింగ్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఇక ఈ మినహాయింపు మీ సొంత అవసరానికే. డబ్బులు తీసుకుని స్నేహితుల కార్లు బాగుచేస్తే అది వ్యాపారం, దానికి పర్మిషన్ వేరు.