డెబిట్‌లో పలికే ‘బి’ డెట్‌లో ఎందుకు పలకదు?

మా తంబళ్లపల్లె వైపు తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చే పిల్లల్ని భయపెట్టేది లెక్కలు కాదు, ఇంగ్లీషు. స్పెల్లింగ్ చూసి పలికితే పక్కవాళ్లు నవ్వుతారు. దాంతో ఇంటర్వ్యూలో కూడా నోరు విప్పరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న నన్ను అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంగ్లీషు స్పెల్లింగ్ శబ్దాన్నే కాదు, మాటల చరిత్రనూ చుట్టరికాన్నీ చూపిస్తుంది.

‘నైఫ్’ మొదట్లో ఉన్న ‘కె’ని ఒకప్పుడు పలికేవాళ్లు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, ఉచ్చారణ మాత్రం మారుతూ పోయింది. ‘సైన్’లో వినపడని ‘జి’ ‘సిగ్నేచర్’లో వినపడుతుంది. రెండూ ఒకే ఇంటి మాటలు. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో మొదట ‘బి’ లేదు. లాటిన్ మూలం తెలియాలని పండితులు తర్వాత చేర్చారు. మన డెబిట్ కార్డుదీ అదే మూలం.

మనం మాత్రం? ‘చేస్తాండా’ అంటాం, పరీక్షలో ‘చేస్తున్నాను’ అని రాస్తాం.

కాబట్టి స్పెల్లింగులు బట్టీ పట్టకండి, చుట్టాల మాటల్ని పక్కపక్కన పెట్టి నేర్చుకోండి. ఉచ్చారణ ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని వినండి. స్పెల్లింగ్ చూసి తప్పు పలికారంటే, ఆ మాటను మీరు చదివి నేర్చుకున్నారని అర్థం. అందులో సిగ్గేముంది?